సీటు దించితే సైజు సరిపోదు: ఆడవాళ్ళకు రోడ్డు సైకిల్ ఎంచే లెక్క

అయిదడుగుల అంగుళం ఎత్తున్న అమ్మాయి గేర్ సైకిల్ కొందామని షాపుకు పోతే మొదట జరిగేది ఇది. షాపతను ఆమె ఎత్తు ఒకసారి చూసి, వరుసలోంచి ఒక సైకిల్ బయటికి లాగుతాడు. సీటు పోస్టు క్లాంపు వదులుచేసి సీటును అడుగుదాకా దించుతాడు. "కూసోండి మేడం. కాళ్లు కింద ఆనుతున్నయా? ఇగ అంతే, మీకు సరిగ్గ సరిపోతది." కాళ్ళు ఆనుతాయి, డబ్బు కట్టేస్తారు. మూడో వారానికి మెడ పట్టేస్తుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి. మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. ఈ వంగి తొక్కే సైకిళ్ళు ఆడవాళ్ళకు పడవని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది, సైకిల్ మెట్ల కిందికి చేరుతుంది.

సైజును సీటు ఎత్తుతో తేల్చడం దగ్గరే తప్పు జరిగింది. సీటు పది సెంటీమీటర్లు పైకీ కిందికీ జరుగుతుంది. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం మాత్రం చాలావరకు ఫ్రేముతోనే పుట్టి ఉంటుంది. షాపులో ఎవరూ కొలవనిది ఆ పొడవునే, తర్వాత మెడా భుజాలూ లెక్క కట్టేదీ దాన్నే.

మాట గురించి ఒక మాట. జడ్చర్లలోనో దేవరకొండలోనో "రోడ్ బైక్" అని అడిగితే మోటార్‌సైకిల్ షోరూముకు దారి చూపిస్తారు. అందుకే ఇక్కడ రోడ్డు సైకిల్ అనే అందాం: సన్నటి టైర్లు, మేక కొమ్ముల్లా ముందుకు సాగి కిందికి తిరిగిన హ్యాండిల్ ఉండే సైకిల్.

"లేడీస్ మోడల్" ఉందా అన్నది చాలామంది వేసే మొదటి ప్రశ్న. దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు, పొట్టివాళ్ళకు పొడవు తగ్గించడం కోసం ముందు చక్రాన్ని 24 అంగుళాలకు కుదించి సైకిళ్ళు చేసి అమ్మింది. తర్వాత పెద్ద కంపెనీలు ఆ బాట పట్టాయి. ఆడవాళ్ళకు కాళ్ళు పొడవు, నడుము పైభాగం పొట్టి అన్న లెక్కతో వేరే ఫ్రేములు తీశాయి. కొలతల సమాచారం పోగయ్యేకొద్దీ ఆ లెక్క నిలవలేదు. ఒకే ఎత్తున్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఉండే తేడా, సగటు ఆడ-మగ తేడా కన్నా ఎక్కువని తేలింది. ఇవాళ కొన్ని కంపెనీలు అందరికీ ఒకే ఫ్రేము చేసి, చిన్న సైజుల్లో సీటు, హ్యాండిల్ మాత్రం మారుస్తున్నాయి. లివ్ లాంటివి ఇంకా ఆడవాళ్ళకే చేస్తున్నాయి. రెండు దారుల్లోనూ మంచివి ఉన్నాయి. రంగు, పేరు పక్కన పెట్టి మీ కొలతలు పట్టుకుని వెళ్ళండి.

కొలతలు ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడాలి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, వెన్ను గోడకు ఆనేలా, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో గజ్జల దాకా పైకి లాగాలి. పుస్తకం పైఅంచు దగ్గర గోడ మీద గీత గీసి నేల దాకా కొలవాలి. దర్జీ ప్యాంటుకు తీసే కొలత ఇక్కడ పనికిరాదు, అది వదులుగా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువే వస్తుంది. మూడుసార్లు తీసి సగటు చూసుకోండి. ఈ కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ ఇరుసు (ఫ్రేము అడుగున పెడల్ చేతులు రెండూ తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. కాలి కొలత 71 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 62.7. ఇది మొదలుపెట్టడానికే. కాలు పూర్తిగా కిందికి వెళ్ళినప్పుడు మోకాలు నిటారు నుంచి 25–35 డిగ్రీలు వంగి ఉండాలి. సులువు పరీక్ష ఒకటుంది: మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తొక్కితే, అడుగున కాలు సరిగ్గా నిటారు కావాలి, తుంటి పక్కకు ఒరగకూడదు.

ఆ ఎత్తులో సీటు మీద కూర్చుంటే నేల మీద మునివేళ్ళు మాత్రమే ఆనుతాయి, కొందరికి అవీ ఆనవు. మన దగ్గర ఎక్కువ మందికి భయం ఇక్కడే. చిన్నప్పుడు తొక్కిన లేడీస్ సైకిల్‌లో కూర్చునే కాలు కింద పెట్టేవాళ్ళం కాబట్టి, సీటు దించేదాకా మనసు ఒప్పుకోదు. దించిన సీటు మీద మోకాలు ప్రతి తొక్కుకూ ఎక్కువగా మడుచుకుంటుంది. నిమిషానికి 75 చుట్లు తిప్పితే గంటకు 4,500 సార్లు. చిప్ప ముందు భాగం నొప్పి పుట్టేది అందుకే. ఆగాలంటే బ్రేకు పట్టి, ఒక పెడల్ కిందికి తెచ్చి దాని మీద నిలబడి, సీటు నుంచి ముందుకు దిగి, రెండో కాలు నేల మీద పెట్టాలి. స్కూలు గ్రౌండులో ఒక పొద్దున సాధన చేస్తే వచ్చేస్తుంది. అలా నిలబడ్డప్పుడు పైగొట్టానికీ శరీరానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, అది లేని ఫ్రేము జోలికి పోవద్దు.

ఇక అసలు చిక్కు. కంపెనీ వెబ్‌సైటులో ప్రతి సైకిల్‌కూ ఒక కొలతల పట్టిక ఉంటుంది. అందులో సైజు అని రాసే 48, 50, ఎక్స్‌ఎస్, ఎస్ లాంటివి చెప్పుల నంబర్లలాంటివే, ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఎక్స్‌ఎస్ కావచ్చు. నమ్మాల్సినవి స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు. పెడల్ ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా ఒక గీత గీశామనుకోండి. హ్యాండిల్ కూర్చునే గొట్టం పైకొన దాకా ఎత్తు ఎంతో అది స్టాక్. ఆ నిలువు గీత నుంచి అదే కొన దాకా అడ్డంగా దూరం ఎంతో అది రీచ్. స్టాక్ పెరిగితే నడుము నిటారవుతుంది, రీచ్ పెరిగితే చేతులు చాపాల్సి వస్తుంది. అయిదడుగుల నుంచి అయిదూ రెండు మధ్య ఎత్తున్నవాళ్ళు, హాయిగా తొక్కాలనుకుంటే, రీచ్ 355–370 మి.మీ., స్టాక్ 510కి పైన ఉన్నవాటి నుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.

అదే పట్టికలో "పైగొట్టం పొడవు" అని ఇంకో అంకె కనిపిస్తుంది. షాపువాళ్ళు చూపించేది దాన్నే. చిన్న సైజుల్లో అది మోసం చేస్తుంది, ఎలాగో చూడండి. ఒక సైకిల్ పైగొట్టం 515 మి.మీ., సీటు గొట్టం వాలు 75 డిగ్రీలు. ఇంకోదాని పైగొట్టం 520, వాలు 73.5 డిగ్రీలు. రెండింటి స్టాక్ 520. మొదటిది 5 మి.మీ. పొట్టి అని కొనేస్తాం. రీచ్ లెక్కగడితే మొదటిదానికి 376, రెండోదానికి 366 వస్తుంది. పొట్టిదన్నదే సెంటీమీటరు పొడవు! సీటు గొట్టాన్ని నిటారు చేసి సీటును ముందుకు జరపడం వల్ల కాగితం మీద పొడవు తగ్గినట్టు కనిపించింది. మోకాలికి తగ్గట్టు సీటును మళ్ళీ వెనక్కి జరపగానే ఆ పొడవు తిరిగొచ్చి కూర్చుంటుంది. ముందు చక్రం పాదానికి తగలకుండా దూరం ఉంచాలి కాబట్టి, మామూలు 700సి చక్రాలతో పొట్టి ఫ్రేము చేసేవాళ్ళు ఈ ఉపాయం వాడతారు. 650బి అనే కాస్త చిన్న చక్రాలు వేసిన ఫ్రేముల్లో ఈ ఇబ్బంది తక్కువ, కానీ వాటికి సన్నటి టైర్లు మన ఊళ్ళలో దొరకడం కష్టం.

స్టాక్‌ను వదిలేసి రీచ్ ఒక్కటే పోల్చడమూ తప్పే. స్టాక్ 20 మి.మీ. తక్కువున్న సైకిల్‌లో హ్యాండిల్ ఎత్తడానికి, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ కింద 20 మి.మీ. రింగులు పెడతాం. హ్యాండిల్ కూర్చునే గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి రీచ్ దాదాపు 6 మి.మీ. తగ్గుతుంది. అది కలుపుకున్నాకే రెండింటినీ పోల్చాలి.

ఫ్రేము దగ్గర్లో కుదిరితే మిగతా కొంత సర్దుకోవచ్చు. స్టెమ్‌ను 100 మి.మీ. నుంచి 80కి మారిస్తే హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. కొమ్ముల హ్యాండిల్ ముందుకు సాగే పొడవు కూడా ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, 90 ఉన్నదాన్ని తీసి 70 ఉన్నది వేస్తే ఇంకో రెండు సెంటీమీటర్లు. వెడల్పు కూడా చూడాలి. భుజాల పైన ఎముక నుంచి ఎముక దాకా కొలిస్తే చాలామంది ఆడవాళ్ళకు 36–38 సెం.మీ. వస్తుంది, సైకిల్ మీద వచ్చేది 40 లేదా 42. చేతులు విప్పారి పట్టుకుంటే భుజాల మధ్య మంట పుడుతుంది, పొడవు కూడా ఎక్కువనిపిస్తుంది. మంచి షాపయితే కొనేటప్పుడే ఇవి మార్చి ఇస్తుంది, అడగాలి.

అన్నదో, భర్తదో పాత సైకిల్ ఇంట్లో ఉంది, స్టెమ్ మారిస్తే సరిపోతుందా అని అడిగేవాళ్ళకు ఒక లెక్క. 56 సైజు ఫ్రేము రీచ్ సుమారు 390, దానిమీద స్టెమ్ 110, హ్యాండిల్ 85, మొత్తం 585 మి.మీ. పొట్టి మనిషికి కావాల్సింది 365, 80, 70 కలిపి 515. ఏడు సెంటీమీటర్ల తేడా! ఒక్క స్టెమ్‌తోనే ఆ తేడా లాగాలంటే 40 మి.మీ. స్టెమ్ వేయాలి. అప్పుడు ముందు చక్రం తత్తరపడుతుంది, చేయి కదిపితే చాలు పక్కకు పోతుంది. అన్న సైకిల్ అన్నకే ఉంచండి.

బ్రేకు లివర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, ప్రాణం మాత్రం దాని మీదే. కొమ్ముల కింది వంపు పట్టుకుని, చూపుడు వేలి మొదటి కణుపు లివర్ మీద మడుచుకుంటోందా చూడండి. వేలి కొస మాత్రమే తగిలితే గొర్ల మంద అడ్డొచ్చినప్పుడు గట్టిగా పట్టలేరు. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక కృష్ణ దగ్గరికి దిగే ఘాటులో పది నిమిషాలకే చేతులు పట్టేస్తాయి. చాలా లివర్లలో వాటిని దగ్గరికి లాగే చిన్న స్క్రూ ఉంటుంది, కొన్ని పాతవాటిలో ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. దగ్గరికి తెచ్చాక కేబుల్ కూడా బిగించాలి, లేకపోతే బ్రేకు పట్టకముందే లివర్ పోయి హ్యాండిల్‌కు తగులుతుంది. మెకానిక్కులు మర్చిపోయేది ఈ రెండో పనే.

క్రాంకు అంటే పెడల్ చేయి; దాని పొడవు వెనకవైపు సన్నటి అంకెల్లో, మి.మీ.లో ఉంటుంది. చిన్న ఫ్రేము మీద 165 ఉండాలి, కంపెనీలు తరచు 170 వేసి పంపుతాయి. 5 మి.మీ. ఏం చేస్తుందనుకోవద్దు. పొట్టి క్రాంకు వేస్తే సీటు 5 మి.మీ. పైకి వెళ్తుంది, పెడల్ పైకొచ్చే చోటు 5 మి.మీ. కిందికి వస్తుంది. అంటే పైకొచ్చిన మోకాలికి సెంటీమీటరు వెసులుబాటు దొరుకుతుంది, వంగినప్పుడు తొడ పొట్టకు తగలడం తగ్గుతుంది. క్రాంకును ముందుకు అడ్డంగా ఉంచి, షూ పెడల్ మీద పెట్టి, ముందు చక్రం తిప్పి చూడండి. వేళ్ళకు టైరు తగిలితే భయపడాల్సింది లేదు. దారిలో అంతగా చక్రం తిప్పం. మెల్లగా యూ టర్న్ కొట్టేటప్పుడు మాత్రం పెడల్ నిలువుగా ఉంచడం అలవాటు కావాలి.

సీటు గురించి సిగ్గుపడి ఎవరూ అడగరు, ఎక్కువ మంది సైకిల్ మానేసేదీ దానివల్లే. బరువు ఆనాల్సింది పిరుదుల కింద తగిలే రెండు ఎముకల మీద. వాటి ఎడం కొలవడానికి గట్టి స్టూలు మీద ముడతల అట్టపెట్టె ముక్క వేసి, పల్చటి బట్టలతో కూర్చుని, కాస్త ముందుకు వంగి, మునివేళ్ళ మీద మడమలెత్తి నిమిషం ఉండాలి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్యల దూరం కొలిచి రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్లు కలపాలి. గుంటల మధ్య 12 సెం.మీ. ఉంటే 143 మి.మీ. సీటు, 13 దాటితే 155. సన్నటి సీటైతే ఆ ఎముకలు పక్కకు జారి బరువంతా మెత్తటి చోట పడుతుంది. అక్కడ తిమ్మిరి, మంట, వాపు వస్తే ఓర్చుకోవడం తప్పు, అది సైకిల్ సరిగా లేదని చెబుతోంది. మధ్యలో గాడి ఉన్న సీటు చాలామందికి ఉపశమనం ఇస్తుంది. అందరికీ ఇవ్వదు, గాడి అంచులే ఒత్తుకునేవాళ్ళూ ఉంటారు, తొక్కి చూడాల్సిందే.

బజార్లో దొరికే మెత్తటి జెల్ కవరు మాత్రం కొనవద్దు. నొప్పికి మెత్తదనమే మందనిపిస్తుంది. అరగంట తర్వాత ఎముకలు జెల్‌లోకి దిగిపోతాయి, మధ్య భాగం పైకి ఉబ్బి అదే మెత్తటి చోట ఒత్తుతుంది. మెత్తదనం ప్యాడ్ ఉన్న షార్ట్‌లో ఉండాలి, దాని లోపల లోదుస్తులు వేసుకోకూడదు. కుట్లు ఒరుసుకుని పుండ్లు పడేది అక్కడే. పైన సల్వారు వేసుకునేవాళ్ళు కుడి చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోవాలి, చైను ఉండేది ఆ పక్కే. చున్నీ ఇంట్లో వదిలి రావాలి. వెనక చక్రంలో చిక్కుకుంటే మెడకే ప్రమాదం.

సీటు వాలు చూడటానికి మేస్త్రీ దగ్గరుండే రసమట్టం చాలు. మొదట సమంగా పెట్టండి, మెత్తటి చోట ఒత్తుతుంటే ముక్కును ఒక డిగ్రీ, మహా అయితే రెండు మూడు, దించండి. ఇంకా దించితే శరీరం ముందుకు జారుతుంది, ఆపడానికి అరచేతులు నెట్టాలి, తిమ్మిరి అటు మారుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే ఈ వాలును, రీచ్‌ను అనుమానించండి. సీటు మరీ ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక నొప్పి వస్తుంది.

ఫ్రేము అల్యూమినియమా కార్బనా అన్నదానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. హాయి ఎక్కువగా టైరులో ఉంటుంది. హైదరాబాద్–విజయవాడ హైవే పక్క సర్వీసు రోడ్లు, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ దారిలో కూడళ్ళ ముందు గీతల కుదుపులు, యాసంగి వడ్లు ఆరబోసిన ఊరి తారు రోడ్లు తొక్కేవాళ్ళకు 25 మి.మీ. వెడల్పు టైరు చాలదు. కనీసం 28, ఫ్రేములో చోటుంటే 32 వేయించండి. 55 కిలోల మనిషికి 28 టైరులో 60–65 పీఎస్‌ఐ, 32లో 50 దగ్గర సరిపోతుంది. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ అంకె దాకా గాలి కొట్టించుకుంటే ప్రతి గులకరాయీ నడుముకు తెలుస్తుంది.

గాలి దగ్గర ఇంకో తిరకాసు. ఈ సైకిళ్ళ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, పంక్చరు షాపు గొట్టం స్కూటరు వాల్వుకు పడుతుంది. చిన్న ఇత్తడి అడాప్టరు సంచిలో ఉండాలి. ఊళ్ళో దొరికే "28 అంగుళాల" టైరు పాత సైకిల్ రిమ్ముది, దాని కొలత 635 మి.మీ.; మన 700సి రిమ్ముది 622. ఎక్కదు. ట్యూబులు రెండు మీరే మోసుకెళ్ళాలి, ఎందుకంటే దేవరకొండ వైపు రోడ్డంచుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఎప్పుడు గుచ్చుతాయో చెప్పలేం.

గేర్లలో ఒకటే అడగండి: ముందు చిన్న పళ్ళెం 34 పళ్ళు, వెనక పెద్దది 32 లేదా 34. అంతకన్నా బరువైన గేరుతో ఎదురుగాలిలో, ఎక్కుళ్ళలో మోకాలు నలుగుతుంది.

అన్నీ సరిచేశాక ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ 5 మి.మీ. మాత్రమే, తర్వాత మూడు నాలుగుసార్లు తొక్కి చూడండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. స్టెమ్ బోల్టులను దాని మీద రాసిన అంకెకు, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లకు, మించి బిగించవద్దు. నొప్పి లేని స్థితి కుదిరాక సీటు పోస్టుకు ఎలక్ట్రీషియన్ టేపు ఒక చుట్టు వేయండి. పెడల్ ఇరుసు నుంచి సీటు ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దూరం, సీటు వాలు ఒక కాగితం మీద రాసి సీటు కింద సంచిలో పెట్టుకోండి. కారు డిక్కీలో పట్టడానికి ఎవరైనా సీటు దించితే, మళ్ళీ ఎత్తేటప్పుడు కాళ్ళు ఆనుతున్నాయా అని కాకుండా ఆ కాగితం చూసి ఎత్తాలి.